మా వారి జాజ్ చదువుకు నా పొలం అమ్మాలా?

శ్రీకాకుళంలో ఉంటూ, నరసన్నపేట దాటాక వచ్చే ఒక పల్లె బడిలో ఎస్జీటీగా పనిచేస్తున్న పాఠకురాలు ఒకరు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు వెల్లడించవద్దని కోరారు. ఉత్తరం సారాంశం ఇది.

ఆమెకు పెళ్ళయి తొమ్మిదేళ్ళు. రెండో తరగతి చదివే కూతురు ఉంది. భర్తకు 36 ఏళ్ళు, స్వస్థలం విజయనగరం. చిన్నతనంలో అక్కడి మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్న ఆయన, ఆ తరువాత కీబోర్డు సొంతంగా నేర్చుకొని, పన్నెండేళ్ళపాటు ఒక ఆర్కెస్ట్రాలో పెళ్ళి రిసెప్షన్లకూ, చవితి పందిళ్ళకూ, దసరా స్టేజీలకూ వాయించారు. ఆదివారం ఉదయం చర్చిలో ఇప్పటికీ వాయిస్తున్నారు. మూడేళ్ళ క్రితం ఆయనకు జాజ్ సంగీతం మీద ధ్యాస మళ్ళింది. నిరుడు ఉగాది వెళ్ళగానే ఆర్కెస్ట్రా మానేశారు. మానేశారన్న సంగతి ఈమెకు తెలిసింది ఆర్కెస్ట్రా యజమాని ఫోను చేసి "ఏమ్మా, తమ్ముడికి ఒంట్లో బాగులేదా?" అని అడిగినప్పుడు. ఈమె జీతం మీద అప్పు తీసుకొని 88 కీస్ ఉన్న డిజిటల్ పియానో కొన్నారు. సొంతంగా ఎనిమిది రచనలు చేశారు. విశాఖలో ఒక డ్రమ్మరుతోనూ, బేస్ గిటారిస్టుతోనూ కలిసి ఒక హోటల్లో రెండుసార్లు వాయించగా, రెండోసారి నిర్వాహకులు సినిమా పాటలు వాయించమన్నారట.

ఇప్పుడు ఆయన ముందు రెండు దారులు ఉన్నాయి. హైదరాబాదులో ఒక సంగీత దర్శకుడి దగ్గర నెల జీతానికి ప్రోగ్రామరుగా, అంటే పాటలకు కంప్యూటరు మీద శబ్దాలూ తాళమూ కూర్చే పనికి, రమ్మన్నారు. పేరు మాత్రం ఎక్కడా పడదని ఆయనకు కోపం. రెండోది చెన్నైలో ఒక సంగీత కళాశాలలో ఏడాది కోర్సు. దానికి డబ్బు కావాలంటే, ఆమదాలవలస దగ్గర ఈమెకు పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన 30 సెంట్ల భూమి అమ్మాలి. "రాత్రి ఒంటిగంట దాకా హెడ్‌ఫోన్స్ పెట్టుకొని వాయిస్తారు. ఒకరోజు అవి తీసి నాకు వినిపించమన్నాను. ఎంతసేపు విన్నా పల్లవి తగల్లేదు. నాకు తెలియకనా, ఆయనే భ్రమలో ఉన్నారా? ఇది ఒక ఉద్యోగమేనా? ఈ వయసులో సాధ్యమా? భూమి అమ్మనంటే ఆయన కలను నేనే చంపినదాన్ని అవుతానా?" అని ఆమె అడుగుతున్నారు.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో సంగీతం గురించిన ప్రశ్నలూ, సంసారం గురించిన ప్రశ్నలూ ఒకదానిలో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. ముందుగా సంగీతం సంగతి చూద్దాం. అది తేలితే రెండోదాని గురించి మీరు ఆయనతో భయం లేకుండా మాట్లాడగలుగుతారు.

పల్లవి తగల్లేదన్నారు. జాజ్ వాద్యకారుడు సాధారణంగా మొదట ఒక బాణీని పూర్తిగా వాయిస్తాడు. ఆ బాణీ కింద కార్డుల వరుస ఒకటి ఉంటుంది. కార్డు అంటే ఒకేసారి కలిపి మోగించే కొన్ని స్వరాల గుత్తి. తరువాత బాణీని వదిలేసి, ఆ కార్డుల వరుసను మాత్రం తప్పకుండా తిప్పుతూ, దాని మీద అప్పటికప్పుడు కొత్త స్వరాలను అల్లుతూ పోతాడు. చివరికి మళ్ళీ బాణీకి వస్తాడు. మన కచేరీలో కృతి అయ్యాక కల్పనస్వరాలు పాడి ఎత్తుగడకు చేరుకోవడం మీరు వినే ఉంటారు. పద్ధతి దానికి దగ్గరగానే ఉంటుంది కానీ, మనకు రాగం ఒక్కటే నిలిచి ఉంటుంది, అక్కడ కింది కార్డు రెండు మూడు క్షణాలకోసారి మారిపోతూ ఉంటుంది. డ్రమ్మూ బేసూ లేకుండా, ఆయన సాధన మధ్యలో మీరు విన్నారు కనుక, మీ చెవికి పట్టు దొరికే ఆధారం ఏదీ అందులో లేదు. అది మీ అజ్ఞానమూ కాదు, ఆయన భ్రమకు రుజువూ కాదు. ఆ ఎనిమిది రచనల్లో ఒక దాని బాణీని మాత్రమే, అల్లికలు లేకుండా, నెమ్మదిగా వాయించమని అడగండి. విన్న తరువాత మీకు నచ్చకపోతే నచ్చలేదని చెప్పే హక్కు మీకు ఉంది. భర్త చేసే సంగీతాన్ని భార్య ఇష్టపడి తీరాలన్న నియమం ఏదీ లేదు.

పరాయి సంగీతం వెంట పడ్డారని మీ అత్తగారు బాధపడుతున్నారని రాశారు. ఆమెకు ఒక్క సంగతి గుర్తుచేయవచ్చు. ఆయన నేర్చుకున్న వయొలినే పడమటి దేశాల నుంచి వచ్చిన వాద్యం. 1919లో విజయనగరంలో ఆ సంగీత కళాశాల మొదలైనప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు అధ్యక్షులుగా ఉండగా ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ ఆచార్యులుగా చేరారు, 1936లో తానే ప్రిన్సిపాల్ అయ్యారు. ఇవాళ ఆ వాద్యాన్ని పరాయిదని ఎవరూ అనరు.

ఇక ఇది ఉద్యోగమేనా అన్న ప్రశ్న. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. కేవలం జాజ్ కచేరీలు వాయించి ఇల్లు గడుపుకున్న కీబోర్డు వాద్యకారులు మన దేశంలో వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంతమందే. జాజ్ పుట్టిన అమెరికాలో కూడా వారిలో చాలామంది పాఠాలు చెప్పో, గాయకులకు సహకార వాద్యం వాయించో, సినిమాలకూ ప్రకటనలకూ సంగీతం సమకూర్చో బతికారు. బొంబాయిలో రాత్రి హోటళ్ళలో జాజ్ వాయించిన గోవా సంగీతజ్ఞులు పగలు హిందీ సినిమా స్టూడియోల్లో ఆర్కెస్ట్రా నొటేషన్లు రాసేవారు. పాత హిందీ పాటల్లో మనం మెచ్చుకునే ఆ వాద్యగోష్ఠిలో సగం వారి చేతి పనే. ఈ దేశంలో జాజ్ కీబోర్డు అంటే ముందుగా వినిపించే పేరు లూయిస్ బ్యాంక్స్‌ది. 1941లో డార్జిలింగులో పుట్టిన ఆయన కలకత్తా పార్క్ స్ట్రీట్ రెస్టారెంటులో వాయిస్తూ ఉండగా హిందీ సినిమా సంగీత దర్శకుడు ఆర్.డి. బర్మన్ దృష్టిలో పడి బొంబాయి చేరారు. సినిమా పాటలకు వాయించారు, ప్రకటనలకు లెక్కకు మించి జింగిల్స్ చేశారు, వాటితోపాటే జాజ్‌ను నిలబెట్టుకున్నారు. అంటే మీ వారు వదిలేసిన కూలి సంగీతమూ, పట్టుకున్న కల సంగీతమూ ఒకదానికొకటి శత్రువులని ఆయన అనుకుంటున్నారే, ఈ రంగం చరిత్ర ఆ మాటను సమర్థించదు.

వయసు గురించి కూడా ఇదే తీరు. జో జావినుల్ అనే కీబోర్డు వాద్యకారుడు 1932లో వియన్నాలో పుట్టి, 1959లో స్కాలర్‌షిప్పు మీద అమెరికాలోని సంగీత కళాశాలకు వెళ్ళి, కొద్ది వారాలకే చదువు వదిలి బృందాల్లో చేరిపోయాడు. ఒక గాయని వెనుక రెండేళ్ళు, ఒక శాక్సఫోన్ విద్వాంసుడి బృందంలో తొమ్మిదేళ్ళు వాయించాడు. ఆ బృందానికి పేరు తెచ్చిన కొన్ని రచనలు అతనివే. సొంత బృందం పెట్టేనాటికి అతనికి 38 ఏళ్ళు. కనుక 36 ఏళ్ళు ఆలస్యమేమీ కాదు. అయితే ఈ ఉదాహరణను మీ వారు సగమే చదవకూడదు. ఆ పదకొండేళ్ళూ జావినుల్ దాదాపు ప్రతి రాత్రీ తనకన్నా పెద్దవాళ్ళ పక్కన కూర్చొని వాయించాడు. మీ వారు మూడేళ్ళుగా ఎక్కువ భాగం హెడ్‌ఫోన్సుతో ఒంటరిగా వాయిస్తున్నారు. ఈ సంగీతంలో ఎదుటివాడు వేసే దెబ్బను విని తక్షణం బదులివ్వడమే విద్య. అది గదిలో ఒక్కరే కూర్చుంటే అబ్బదు. నాకు ఆందోళన కలిగించే లోపం ఇదొక్కటే.

ఆ దృష్టితో చూస్తే ఆదివారం చర్చిలో ఆయన చేస్తున్న పని నాకు చాలా విలువైనదిగా కనిపిస్తోంది. గాయకుడు ఏ శ్రుతిలో ఎత్తుకుంటాడో ముందుగా తెలియదు, ఏ చరణం ఎన్నిసార్లు తిప్పుతాడో తెలియదు, ప్రార్థన జరుగుతున్నంతసేపూ కింద కార్డులు సన్నగా నడుస్తూ ఉండాలి. అమెరికాలో ఎందరో జాజ్ వాద్యకారుల చెవులు అచ్చంగా ఇటువంటి చోటనే తయారయ్యాయి. ఆయన, వేళ్ళు మార్చకుండానే శ్రుతి మార్చేసే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి పని కానిస్తున్నారా, లేక ఏ శ్రుతి అయినా నేరుగా వాయిస్తున్నారా అని అడిగి చూడండి. ఆర్కెస్ట్రాల్లో పెరిగిన మనవాళ్ళలో చాలామందికి ఆ బటన్ అలవాటు ఉంటుంది. జాజ్‌లో పన్నెండు శ్రుతులూ వేళ్ళలో ఉండాలి. ఏ కళాశాలలో చేరినా మొదటి నెలల్లో చెప్పే పాఠాల్లో ఇదొకటి. దీనికి మాత్రం భూమి అమ్మనక్కరలేదు.

హైదరాబాదు పిలుపు విషయంలో ఆయన కోపాన్ని నేను అర్థం చేసుకోగలను కానీ, అందులో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయని నా అభిప్రాయం. ఇతరుల బాణీకి శబ్దాలు ఎంచడం, రిథమ్ ప్రోగ్రామ్ చేయడం, కార్డులు కూర్చడం ఒక పని. తన సొంత బాణీని ఇంకొకరి పేరు మీద ఇచ్చేయడం వేరే పని. మొదటిదానికి జీతం తీసుకోవడంలో చిన్నతనం లేదు. రెండోదానికి ఒప్పుకోనక్కరలేదు, ఒప్పుకోకూడదు కూడా. మన కాపీరైటు చట్టం ప్రకారం రచన చేసిన క్షణం నుంచే దానిపై హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. 2012లో వచ్చిన సవరణ తరువాత, సినిమాలో వాడిన సంగీతం థియేటరు బయట వినియోగమైనప్పుడు వచ్చే రాయల్టీలో స్వరకర్తకు సమాన వాటా ఉంటుంది, దాన్ని వారసులకో కాపీరైటు సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వడం చెల్లదు. అయితే ఈ రక్షణ స్వరకర్తగా గుర్తింపు ఉన్నవాడికే అక్కరకు వస్తుంది. పేరే పడని ప్రోగ్రామరు ఆ బాణీ తనదని రుజువు చేసుకోవడం కష్టం. పైగా, ఉద్యోగంలో భాగంగా చేసిన రచనకు వేరే ఒప్పందం లేకపోతే సాధారణంగా యజమానే తొలి హక్కుదారు అవుతాడు.

అందుకని వెళ్ళేదీ మానేదీ తరువాత తేల్చుకోవచ్చు కానీ, ఆ ఎనిమిది రచనలనూ నొటేషనుతో సహా తేదీ పడేలా రికార్డు చేసి, తన మెయిలుకు తానే పంపుకొని భద్రపరచుకోవాలి. వెళ్ళేటట్లయితే, పని పరిధి ఇదీ, నా సొంత బాణీలు ఇందులో చేరవు అని రెండు వాక్యాలు కాగితం మీద పెట్టించుకోవాలి. అమెరికా జాజ్ పియానో వాద్యకారుడు హెర్బీ హాన్‌కాక్ 1962లో 22 ఏళ్ళ వయసులో తన తొలి ఆల్బమ్ చేయబోతున్నప్పుడు, అతన్ని చేరదీసిన ట్రంపెట్ వాద్యకారుడు డొనాల్డ్ బర్డ్, ప్రచురణ హక్కులు కంపెనీకి వదలవద్దని గట్టిగా హెచ్చరించాడు. హాన్‌కాక్ ఆ మాట మీద నిలబడ్డాడు. మరుసటి ఏడాదే అందులోని ఒక రచనను వేరే బృందం వాయించగా అది దేశమంతా మోగి, జాజ్ వాయించి ఏళ్ళ తరబడి సంపాదించలేనంత డబ్బు ఆ ఒక్కదాని మీద వచ్చింది. స్వరకర్తగా బతకాలనుకునేవాడికి వేళ్ళ నైపుణ్యం ఎంత ముఖ్యమో ఈ కాగితాల జాగ్రత్తా అంత ముఖ్యం. మన కళాకారులు దీన్ని డబ్బు యావ అనుకొని పక్కన పెడతారు, ఆ తరువాత జీవితమంతా ఫలానా పాట నాదేనని చెప్పుకుంటూ తిరుగుతారు.

హైదరాబాదు వెళితే నెలకు ఖాయంగా డబ్బు వస్తుంది, రికార్డింగు పని లోపలి నుంచి తెలుస్తుంది, మంచి వాద్యకారులతో పరిచయాలు కలుగుతాయి. మరోపక్క మీరూ పాపా ఇక్కడ, ఆయన అక్కడ. స్టూడియో పనికి రాత్రీ పగలూ ఉండదు, సొంత రచనకు సమయం మిగలకపోవచ్చు. ఆరు నెలల గడువు పెట్టుకొని వెళితే అది పరీక్ష అవుతుంది, గడువు లేకుండా వెళితే అదే జీవితం అయిపోయే ప్రమాదం ఉంది.

చెన్నై కోర్సు వల్ల కలిగే పెద్ద లాభం, నన్నడిగితే, పాఠాలకన్నా తోటివాళ్ళు. డ్రమ్మరూ, బేసిస్టూ, గాయనీ ఒకే ప్రాంగణంలో రోజూ దొరకడం చిన్న సంగతి కాదు. కానీ అక్కడ జాజ్ పియానో ఎవరు చెబుతారు, వారానికి ఎన్ని గంటలు ఒక్కొక్కరికి విడిగా చెబుతారు, బృందంగా వాయించే తరగతులు ఉన్నాయా అన్న మూడు ప్రశ్నలకు లిఖితపూర్వకంగా జవాబు తెప్పించుకోకుండా ఒక్క రూపాయి కట్టవద్దు. ఆ సర్టిఫికెట్టు చూసి శ్రీకాకుళంలోనో, విశాఖలోనో ఎవరూ కచేరీలు ఇవ్వరు. పిల్లలకు పాఠాలు చెప్పడమే ఉద్దేశమైతే, ట్రినిటీ కాలేజ్ లండన్ వారి గ్రేడు పరీక్షలు ఉద్యోగం చేసుకుంటూనే రాయవచ్చు, ఖర్చూ తక్కువ. పియానో నేర్పించాలనుకునే తల్లిదండ్రులు గుర్తుపట్టేదీ ఆ పేరునే.

ఆయన చెప్పని మూడో దారి ఒకటి ఉంది. ఆర్కెస్ట్రాకు పూర్తిగా తిరిగి వెళ్ళకుండా, ముహూర్తాల నెలల్లో మాత్రం, ఒప్పుకున్న కార్యక్రమాలకే వాయించడం. ఆషాఢం, పుష్యం, మూఢం వచ్చినప్పుడు ఎలాగూ పెళ్ళిళ్ళు ఉండవు, ఆ నెలలు పూర్తిగా రచనకు కేటాయించుకోవచ్చు. తమ్ముడికి ఒంట్లో బాగులేదా అని అడిగిన మనిషి తలుపు మూసినట్టు నాకు అనిపించలేదు. మళ్ళీ ఆ గుమ్మం తొక్కడం అవమానమని మీ వారు అనుకుంటే ఆ భావన ఆయన ఇష్టం, కానీ ఆ అభిమానం ఖర్చును మీ జీతంలోంచి కడుతున్నారన్నది మాత్రం ఆయన గమనించాలి. ఈ దారిలో వేగం తక్కువ, పేరు అసలే రాదు. ఇల్లు మాత్రం ఊపిరి పీల్చుకుంటుంది.

ఇప్పుడు మీ అసలు బాధకు వస్తాను. ఆరు చోట్ల డబ్బు గురించి రాసిన మీరు, ఆర్కెస్ట్రా మానేసిన సంగతి పరాయి మనిషి ఫోను వల్ల తెలిసిందని ఒక్క చోట రాసి ముందుకు వెళ్ళిపోయారు. మీకు తగిలిన దెబ్బ అదేనని నేను అనుకుంటున్నాను. థెలోనియస్ మంక్ అనే మహా పియానో విద్వాంసుడికి 1951లో ఒక పోలీసు కేసు కారణంగా న్యూయార్క్ క్లబ్బుల్లో వాయించే అనుమతి రద్దయింది. 1957 దాకా అది తిరిగి రాలేదు. ఆ కాలంలో ఇంటి బరువు చాలావరకు మోసింది ఆయన భార్య నెల్లీ, కుట్టుపని వంటి పనులు చేసి. మంక్ గొప్పతనం గురించి పుస్తకాలు రాసేవాళ్ళు ఆమెకు ఇచ్చే చోటు చాలా తక్కువ. మీ వారు ఇటువంటి కథలు చదివే ఉంటారు. అయితే మంక్‌కు పని దొరకకుండా చేసింది చట్టం. మీ ఇంట్లో పని మానుకున్నది ఒకరు, దాని ఫలితం మోస్తున్నది ఇంకొకరు, ఆ ఇంకొకరిని ముందుగా అడగలేదు. ఇది సంగీతం మంచిదా కాదా అన్న చర్చతో తేలేది కాదు. "మీ జాజ్ నాకు అభ్యంతరం కాదు, నన్ను అడగకుండా నిర్ణయించడం అభ్యంతరం" అని సూటిగా చెప్పండి. అది చెప్పకుండా పొలం గురించి ఎంత వాదించినా ఆయనకు మీరు కళను అడ్డుకుంటున్నట్టే వినిపిస్తుంది.

ఉదయం ఏడున్నరకు మీరు బస్సు ఎక్కే వేళకు ఆయన నిద్రలో ఉంటారని రాశారు. రాత్రి సాధన చేసేవాళ్ళకు అది సహజమే. కానీ పాపను బడికి పంపడం, సాయంత్రం తీసుకురావడం, ఒక పూట వంట ఆయన చేతికి రావాలి. డబ్బు తేలేని నెలల్లో ఇంటికి ఆయన ఇవ్వగలిగిన వాటా ఇదే. ఇరుగుపొరుగు "పెళ్ళాం జీతం" అంటూ అనే మాటలకు జవాబు చెప్పే పని మీరు పెట్టుకోకండి.

భూమి సంగతి. పసుపు కుంకుమల కింద మీకు ఇచ్చినది మీ సొంతం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోని 14వ సెక్షను ప్రకారం దానిపై పూర్తి హక్కు మీదే, అత్తవారికి గానీ భర్తకు గానీ వాటా లేదు. అమ్మడం, అమ్మకపోవడం రెండూ మీకు చెల్లుతాయి. అమ్మితే ఏడాది చదువు గడుస్తుంది, ఏడాది తరువాత మీ చేతిలో మళ్ళీ అటువంటి ఆధారం ఉండదు. ఆ భారం ఆయన మీద కూడా పడుతుంది, ప్రతి రచనా పొలం ఖరీదు చేయాలన్న ఒత్తిడితో ఎవరూ నాలుగు మంచి స్వరాలు రాయలేరు. అమ్మకపోతే కొంతకాలం ఇంట్లో మౌనం ఉంటుంది, నిష్ఠూరాలూ ఉంటాయి, అందుకు సిద్ధపడాలి. అయినా అది కలను చంపడం కాదు. 88 కీస్ పియానో మీ జీతం మీదనే ఇంట్లోకి వచ్చింది.

నా మొగ్గు ఎటో దాచను. ఇప్పటికి అమ్మవద్దు. దానికి ముందు చేయవలసిన చిన్న పని ఒకటి మిగిలి ఉంది. విశాఖలోని ఆ డ్రమ్మరునూ, బేస్ గిటారిస్టునూ పిలిచి, ఎనిమిదింటిలో మూడు రచనలను ఒక స్టూడియోలో రెండు రోజుల్లో సక్రమంగా రికార్డు చేయమనండి. ఏడాది కోర్సు ఖర్చుతో పోలిస్తే ఇది చాలా చిన్న మొత్తం. వాటిని చెన్నై, బెంగళూరు, ముంబైలలో ఈ సంగీతం వాయిస్తున్నవారికి, చెన్నై కళాశాలలో పాఠం చెప్పే ఆచార్యుడికి సహా, పంపాలి. మీతో గానీ ఆయనతో గానీ చుట్టరికం లేనివారు ఏమంటారో చూడాలి. వచ్చి వాయించమని ఎవరైనా పిలిస్తే, ఫీజు రాయితీ ఇస్తామంటే, పొలం గురించి మళ్ళీ మాట్లాడుకోవచ్చు, అప్పుడు కూడా అమ్మకానికి ముందు కౌలు, బంగారం మీద చిన్న అప్పు వంటివి చూసుకోవచ్చు. రచనలు బాగున్నాయి కానీ వేళ్ళు ఇంకా సిద్ధం కాలేదంటే, వారం వారం ఆన్‌లైన్‌లో ఒక గురువు దగ్గర నేర్చుకుంటూ నెలకోసారి విశాఖ వెళ్ళి ఆ ఇద్దరితో వాయించడం సరిపోతుంది. ఎవరూ జవాబే ఇవ్వకపోతే అదీ ఒక సమాచారమే, కష్టమైనదే అయినా.

హైదరాబాదు వారికి ఈ నెలాఖరులోగా జవాబు చెప్పాలని రాశారు. వారికి నేరుగా కాదనకుండా, పని పరిధీ, జీతమూ, సొంత రచనల మినహాయింపూ కాగితం మీద పంపమని ఆయన్ను అడగమనండి. రికార్డింగుకు కావలసిన సమయం ఈలోగా దొరుకుతుంది. కాగితం పంపడానికే వారు నిరాకరిస్తే, ఆ దారి గురించి మీరిద్దరూ ఇక వాదించుకోనక్కరలేదు.